సభ్యత్వ గణితం

గణితశాస్త్రం పేరెత్తగానే మన సాహిత్య విద్యార్థులు రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు అది తమకు సంబంధం లేని వ్యవహారమని పేజీ తిప్పేస్తారు. మరికొందరు అందులో ఉన్నదంతా కాదనరాని సత్యమని దూరం నుంచే దండం పెట్టేస్తారు. రెండింటికీ మూలం ఒకే భయం. గణిత రచననూ రచనగానే చదవవచ్చు. ఏ మాటలు ఎన్నుకుంది, వేటిని వదిలేసింది, ఎవరిని మాట్లాడనిచ్చింది, ఎవరి నోరు మూసింది అని కథను అడిగినట్టే దాన్నీ అడగవచ్చు.

ఇక్కడ అలా చదవదలచుకున్న రచన 1997లో వెలువడింది. రాసినవారు ఇజ్రాయెల్‌కు చెందిన ఇద్దరు: అసా కాషెర్ తత్వవేత్త, ఏరియల్ రూబిన్‌స్టైన్ ఆర్థికశాస్త్రవేత్త. వారు వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది. ఒక సమాజంలో ఫలానా సమూహానికి చెందినవారెవరో ఎలా తేల్చాలి? దళిత రచయిత ఎవరు, అభ్యుదయ రచయిత ఎవరు, బయటివాడు లోపలి బాధ రాయవచ్చునా అని దశాబ్దాలుగా సభల్లో గొంతులు పోగొట్టుకుంటున్న మనకు ఇది పరాయి ప్రశ్న కాదు.

వందమంది ఉన్న ఊరొకటి ఊహించుకుందాం. ప్రతి ఒక్కరూ, తనతో సహా, వందమందిలో ఒక్కొక్కరి గురించి ‘ఆ సమూహం మనిషే’ అనో ‘కాదు’ అనో చెప్పాలి. ఔనంటే 1, కాదంటే 0. పదివేల గడుల పట్టిక తయారవుతుంది. ఆ పట్టికను చూసి సభ్యుల జాబితా రాసే నియమం ఒకటి కావాలి. ఆ నియమం ఎలా ఉండాలో కాషెర్, రూబిన్‌స్టైన్ కొన్ని షరతులు పెట్టారు. అందరూ ఔనన్న మనిషిని తోసెయ్యకూడదు, అందరూ కాదన్న మనిషిని చేర్చకూడదు. మద్దతు పెరిగినందువల్ల ఎవరూ జాబితానుంచి జారిపోకూడదు. పట్టికలో ఒకే రకమైన స్థానమున్న ఇద్దరికి రెండు తీర్పులు చెప్పకూడదు. దీనికి సౌష్ఠవమని పేరు. పక్కవాడి గురించిన మాటలు మారినంత మాత్రాన నా తీర్పు మారకూడదు, ఇది స్వతంత్రత. చివరిది ఉదారవాద షరతు: తాను ఆ సమూహం వాణ్ననుకునేవాడు ఒక్కడున్నా జాబితా ఖాళీగా ఉండరాదు, తాను కాననుకునేవాడు ఒక్కడున్నా జాబితాలో ఊరంతా ఉండరాదు.

ఏ షరతుకు ఆ షరతు చూస్తే ఎవరూ కాదనలేరు. అన్నింటినీ కలిపితే మాత్రం ఒకే ఒక్క నియమం మిగులుతుంది: ఎవరి సంగతి వారే చెప్పుకోవాలి, ఊరి మాటకు విలువ లేదు. ఇది వారి మొదటి సిద్ధాంతం. రెండోది ఇంకా పదునైనది. ఉదారవాద షరతు తీసేసి, ఆ సమూహంలో కొందరున్నారు, బయట కొందరున్నారు అన్నంతవరకు అందరూ ఒప్పుకుంటారనీ, తుది జాబితా కూడా అలాగే ఉండాలనీ అంటే, ఏకాభిప్రాయ షరతునూ స్వతంత్రతనూ నిలబెట్టే నియమం నియంతృత్వం ఒక్కటే. ఎవరో ఒక్కడి అభిప్రాయమే ఊరందరి జాబితా అవుతుంది. 1951లో కెన్నెత్ ఏరో ఎన్నికల గురించి నిరూపించిన ప్రసిద్ధ ఫలితానికి ఇది దగ్గరి చుట్టం. 2003లో సామెట్, ష్మైడ్లర్ అనే మరో ఇద్దరు ఈ రెండు కొసల మధ్య మెట్లు కట్టారు. ‘నేను ఫలానా’ అన్నవాడి మాట చెల్లాలంటే అతనితో కలిపి ఎంతమంది ఒప్పుకోవాలి, ‘నేను కాను’ అన్నవాడి మాట చెల్లాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి అనే రెండు అంకెలతో ఉదారవాదం నుంచి మెజారిటీ పాలనదాకా నియమాలన్నిటినీ ఒక వరసలో పెట్టారు.

ఈ రచనల్లో నిజాయితీ ఉందని మొదటే ఒప్పుకోవాలి. ‘మనవాడు’, ‘పరాయివాడు’ అనే మాటలు ప్రకృతి సహజమైనవన్న భ్రమను అవి పగలగొట్టాయి. సభ్యత్వం తేల్చే ప్రతి నియమం వెనకా అధికారపు పంపకం ఒకటి ఉంటుందని చూపించాయి.

అంతకుముందు తరం లెక్కలు మనిషిని ఈ మాత్రం కూడా మాట్లాడనివ్వలేదు. రిస్లీ దొర 1891లో బెంగాల్ కులాల మీద వేసిన సంపుటాల్లో ముక్కు వెడల్పును పొడవుతో పోల్చి, ముక్కు ఎంత వెడల్పైతే సామాజిక స్థాయి అంత తక్కువ అని సూత్రం కట్టాడు. 1901 జనాభా లెక్కలు మొదలైంది ఈయన అధికారంలోనే. ఆ తర్వాత మహలనోబిస్ ఆ మోటుతనాన్ని తగ్గించి, అనేక కొలతలను కలిపి రెండు సమూహాల మధ్య ‘దూరం’ కట్టే పద్ధతి కనిపెట్టాడు. వాల్తేరులో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్.రావు దాన్ని ముందుకు తీసుకుపోయి, కొలతలు చూసి మనిషిని ఏ సమూహంలో వేయాలో నిర్ణయించే పద్ధతిని 1948లో విస్తరించాడు. గణితంగా అది గొప్ప పనే, సందేహం లేదు. అయితే అక్కడ సమూహాల పేర్లు ముందే రాసి ఉన్నాయి. టేపు కింద నిలబడ్డ మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ 1948లోనే అంబేద్కర్ అంటరానివారి పుట్టుక గురించి రాసిన గ్రంథంలో ఇలాంటి కొలతలనే తీసుకుని, వాటిని నమ్మేటట్టయితే బ్రాహ్మణుడిదీ అంటరానివాడిదీ ఒకటే జాతి అని తేల్చాడు. శత్రువు తక్కెడలోనే శత్రువును తూయడమంటే అది.

కొలబద్ద నుంచి అభిప్రాయానికి రావడం ముందడుగే. కాని ఎవరి అభిప్రాయం, ఏ గుమ్మం దగ్గర?

కాషెర్, రూబిన్‌స్టైన్ తమ సమూహానికి ఒక అక్షరాన్ని మాత్రమే పేరుగా పెట్టారు. అది యూదు అనే మాటకు ఇంగ్లీషులో మొదటి అక్షరమని చదివినవారందరికీ తెలుసు. ఇజ్రాయెల్ 1950లో చేసిన చట్టం ప్రకారం ప్రపంచంలో ఏ యూదుడికైనా ఆ దేశానికి వచ్చి స్థిరపడే హక్కు ఉంది. ఆ గుమ్మం దగ్గరికే ఆస్వాల్డ్ రుఫైసెన్ వచ్చాడు. పోలెండులో యూదు తల్లిదండ్రులకు పుట్టి, నాజీల కాలంలో తోటి యూదులను కాపాడి, క్రైస్తవం పుచ్చుకుని సన్యాసి అయినవాడు. తాను యూదుణ్నే అన్నాడు. యూదు మతశాస్త్రం ప్రకారమూ అతను యూదుడే. 1962లో అక్కడి సుప్రీంకోర్టులో మెజారిటీ న్యాయమూర్తులు మాత్రం, సామాన్యులు ఆ మాటను వాడే అర్థంలో అతను యూదుడు కాడన్నారు. సొంత మాట ఔనంటే, శాస్త్రం ఔనంటే, జనం వాడుక కాదంది, గెలిచింది మూడోది. 1970లో చట్టాన్ని సవరించి, యూదు తల్లికి పుట్టినవాడు లేదా యూదు మతంలోకి మారినవాడు, మరో మతంలో లేనివాడు అని నిర్వచనం రాశారు. ఈ కథంతా ఆ ఒక్క అక్షరం వెనక దాగి ఉంది. గుమ్మం పోయింది, గుమ్మం లోపలి భూమి పోయింది, ఆ భూమి మీద అంతకుముందునుంచీ ఉన్న అరబ్బులు అసలే పోయారు, పట్టిక మిగిలింది. అమూర్తీకరణ లేకుండా శాస్త్రం లేదని నాకూ తెలుసు. దేన్ని వదిలితే లెక్క సుఖంగా సాగుతుందో సరిగ్గా దానికోసమే ఆ ప్రశ్న పుట్టిందన్నది నా అభ్యంతరం.

సౌష్ఠవం సంగతి మన నేలమీద చూద్దాం. 1957 పార్లమెంటు ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. వి.వి.గిరి, తర్వాత 1969లో రాష్ట్రపతి అయిన గిరిగారే, ఓడిపోయారు. గెలిచిన సూరిదొర గిరిజనుడు కాదని కోర్టుకెక్కారు. పుట్టుకచేత మూకదొర తెగవాడైనా ఆ కుటుంబం చాలాకాలంగా క్షత్రియులమని చెప్పుకుంటోంది, ఆ ఆచారాలే పాటిస్తోంది కాబట్టి తెగతో సంబంధం తెగిపోయిందని వాదన. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ దాన్ని ఒప్పుకోలేదు. తమంతట తాము పై కులమని చెప్పుకున్నంత మాత్రాన, ఆచారాలు మార్చుకున్నంత మాత్రాన చాలదు, ఏ కులంలోకి పోదలచారో ఆ కులంవారి గుర్తింపు ఉందా అన్నది చూడాలి, ఆ సాక్ష్యం లేదు అన్నది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తికి ఆ ప్రవర్తనే సరిపోయింది.

గణితకారులు నలభై ఏళ్ల తర్వాత కాగితం మీద పెట్టిన రెండు నియమాలు ఇక్కడ ఒకే తీర్పులో కొట్టుకున్నాయి. తేడా ఒక్కటే. కోర్టు ఊరందరి అభిప్రాయం అడగలేదు, లోపల ఉన్నవాళ్ల అభిప్రాయం మాత్రమే అడిగింది. తలుపు గడియ లోపలివైపే ఉంటుంది. సామెట్, ష్మైడ్లర్ చెప్పిన రెండు అంకెలతో చూస్తే కులవ్యవస్థ స్వరూపం ఇంకా తేటపడుతుంది. పైకెక్కాలంటే పైనున్న ప్రతివాడూ తలూపాలి. కిందికి తోయడానికి కులపెద్ద ఒక్క మాట చాలు. ఒకే కాపురం గౌరవం కోసం క్షత్రియమని రాయించుకోవచ్చు, ఎన్నికలో తెగ పేరు చెప్పవచ్చు. ఈ రెండు మాటల్లో ఏది అబద్ధం? రెండు గుమ్మాల దగ్గర రెండు ప్రశ్నలు అడిగారు, రెండు జవాబులు వచ్చాయి. పట్టికలో మనిషికి ఒక్క గడే ఉంది.

ఇంతకన్నా ఘోరమైన ఉదాహరణ మన పల్లెల్లో రోజూ కనిపిస్తుంది. షెడ్యూల్డ్ కులాల గుర్తింపును 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. బాప్తిస్మం తీసుకున్న మాదిగ రైతుకూలీ ఊళ్లో మాదిగే. టీ కొట్టులో అతని గ్లాసు వేరే పెట్టేటప్పుడు ఎవరూ మతం అడగరు. ఆఫీసులో అతను వెనకబడిన తరగతుల జాబితాలో ఉంటాడు. 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టి హిందూమతంలోకి మారిన విద్యార్థికి కులం తిరిగి వస్తుందా అన్న ప్రశ్నకు, ఆ కులంవారు తమలో చేర్చుకుంటే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఊరి దృష్టిలో పోనేపోని కులాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మనిషి సాక్ష్యాలు వెతుక్కోవాలి. కాషెర్, రూబిన్‌స్టైన్ సిద్ధాంతంలోని నియంతను చాలామంది పాఠకులు ఊహాజీవి అనుకుంటారు. మన దేశంలో ఆయనకు రాజ్యాంగంలో అధికరణం నెంబరు కూడా ఉంది: 341.

ఇక్కడ తొందరపడి ఉదారవాదం వైపు దూకడం కూడా పొరపాటే. ఎవరి మాట వారిదే అనే నియమం బావి దగ్గరా గుడి దగ్గరా న్యాయమైనది, అక్కడ అసలు అడగడమే అన్యాయం కనుక. రిజర్వేషన్ సీటు దగ్గర అదే నియమం పెడితే పట్టా భూములున్న కులాలన్నీ రాత్రికి రాత్రి కోయదొరలైపోతాయి. దొంగ సర్టిఫికెట్ల కథలు మనకు కొత్తవా? నియమం మంచిదా చెడ్డదా అన్నది నియమంలో లేదు. దాని వెనక పంచుకోవలసిన వస్తువు ఏమిటన్నదానిలో ఉంది. ఏ షరతూ ఆ వస్తువు పేరు చెప్పదు.

స్వతంత్రత షరతు మీద నా అభ్యంతరం ఇంకా మౌలికమైనది. అది మనుషులను విడివిడిగా తూచి కూడుతుంది. మార్క్స్ 1852లో ఫ్రెంచి చిన్నరైతులను బస్తాలోని బంగాళాదుంపలతో పోల్చింది ఇలాంటి కూడికను ఉద్దేశించే. పక్కపక్కన ఉన్నంత మాత్రాన వర్గం కాదు, సంబంధాల్లోనుంచి పుడుతుంది. మన చరిత్రలో ‘దళిత’ అనే పేరుకు ప్రాణం ఎలా వచ్చింది? 1985లో కారంచేడులో దాడి జరిగింది మాదిగల మీద, 1991లో చుండూరులో మాలల మీద. ఆ రెండు ఊళ్ల మధ్య ఆరేళ్లలో ఒక సమూహం తనను తాను కొత్త పేరుతో పిలుచుకోవడం నేర్చుకుంది. ఒకడి గురించి నా అభిప్రాయం మారింది మరొకడికి జరిగినదాన్ని చూసి. స్వతంత్రత షరతు నిషేధించింది సరిగ్గా దీన్నే. మళ్లీ 1994లో మాదిగ దండోరా ఆ పేరులోపలి అసమానతను ఎత్తి చూపింది. వర్గీకరణ చట్టం 2000లో వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. పట్టిక మొదటి వరస రాసేలోగానే పట్టిక శీర్షిక మారిపోయే సమాజం ఇది. గణితం మీద నాకు కోపమేమీ లేదు. కోశాంబి కూడా గణితజ్ఞుడే. ఆయన పాత విద్ధాంక నాణేలను తూచి, అవి ఎంతగా చేతులు మారితే అంతగా అరిగి బరువు తగ్గుతాయనీ, ఒకదానికొకటి తేడా పెరుగుతుందనీ లెక్కగట్టి, ఆ అరుగుదలలో చరిత్రను చదివాడు. మనుషుల సభ్యత్వాన్ని కూడా అలా, చేతులు మారిన వస్తువులా తూచే గణితం రాకూడదని ఎక్కడా లేదు.

సాహిత్యానికి వద్దాం. ఈ పట్టికలో ఏ గడిలోనూ కుదురుకోని మనిషి జాషువా. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. సనాతనులకు అంటరానివాడు. పురాణాలు చదివి, పద్యం పట్టుకున్నందుకు క్రైస్తవ పెద్దలకూ కానివాడే. తానేమో మానవజాతి మొత్తానికీ చెందినవాణ్నన్నాడు. ఉదారవాద నియమం ప్రకారం ఆ మాటతో విషయం తేలిపోవాలి. తేలలేదనడానికి 1941 నాటి ‘గబ్బిలం’ సాక్ష్యం.

ఆ కావ్యంలో దూత పాత్రకు జాషువా హంసనో మేఘాన్నో తీసుకోలేదు. గబ్బిలాన్ని తీసుకున్నాడు. మన విమర్శకులు చాలామంది దీన్ని మేఘసందేశానికి ఎదురుగా పెట్టి, అపశకున పక్షికి గౌరవమిచ్చాడని మెచ్చుకుని ఆగిపోతారు. అసలు చమత్కారం వర్గీకరణలో ఉంది. గబ్బిలం పక్షుల జాబితాలోనూ లేదు, నాలుగుకాళ్ల జంతువుల జాబితాలోనూ ఇమడదు. ఏ సమూహమూ తనదనని ఆ జీవి గర్భగుడిలోకి యథేచ్ఛగా పోతుంది, శివుడి చెవిదగ్గర వేలాడుతుంది. అరుంధతీయుడైన నాయకుడి సభ్యత్వంలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. పట్టికలో అతని నిలువు వరసంతా ఏకాభిప్రాయమే. అందుకే అతను గుడి బయట ఉన్నాడు. కాషెర్, రూబిన్‌స్టైన్ మొదటి షరతు, అందరూ ఔనన్న మనిషిని చేర్చాలన్న అమాయకమైన షరతు, ఎంత క్రూరంగా పనిచేయగలదో ఈ దృశ్యం కన్నా స్పష్టంగా ఏ గణిత వ్యాసమూ చెప్పలేదు. సమూహంలో చేరడం ఎప్పుడూ వరమేనన్న ఊహ ఆ షరతు అడుగున ఉంది.

ఈ వెలుగులో మన ‘దళిత రచయిత ఎవరు’ చర్చను మళ్లీ చూడాలి. తొంభైల్లో అనుభవమా, సహానుభూతా అని రెండు శిబిరాలు కట్టి వాదించుకున్నాం. దళితులు తమ కవిత్వ సంకలనాలు తామే వేసుకోవడం గుమ్మం దగ్గర జరిగిన పోరాటం. అంతదాకా అచ్చు ఎవరి చేతిలో ఉంది, ముందుమాట ఎవరు రాస్తున్నారు అన్న ప్రశ్న అది. అక్కడ పుట్టుక అడగడం న్యాయం. ఆ జవాబును పట్టుకొచ్చి కావ్యం విలువ కట్టడానికి వాడితే విమర్శ 0, 1 అంకెల విమర్శ అయిపోతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ బ్రాహ్మణుడు కనుక 1922 నాటి ‘మాలపల్లి’ని పక్కన పెట్టడం ఒక రకం సోమరితనం, ఆయన ఉద్దేశం గొప్పది కనుక ప్రశ్నించకుండా నెత్తిన పెట్టుకోవడం రెండో రకం సోమరితనం. రామదాసు నోట అంత వేదాంతం ఎందుకు పలికిందో, జాషువా నాయకుడి నోట ఆకలి మాట ఎందుకు పలికిందో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చదివే విమర్శకుడు కావాలి. రామదాసు వేదాంతం వెనక ఉన్నవ చూసిన పల్లె ఎంత, చూడలేకపోయింది ఎంత అని చెప్పగలిగితే, ఆయన కులం ప్రస్తావన కూడా అప్పుడు అర్థవంతమవుతుంది.

మన సంఘాలకూ ఈ గణితంతో పని ఉంది. ఇదే వరసలో తర్వాత వచ్చిన పరిశోధకులు మరో పద్ధతిని పరిశీలించారు. మొదట కొద్దిమందిని సభ్యులుగా తీసుకోవాలి. వాళ్లలో ఎవరైనా ‘మనవాడే’ అన్నవారిని చేర్చాలి. అలా చేరినవారు చెప్పినవారిని మళ్లీ చేర్చాలి. కొత్తవారెవరూ మిగలనిదాకా ఇలా సాగాలి. రచయితల సంఘాల సభ్యత్వ పత్రం మీద ‘ప్రతిపాదించినవారు’, ‘బలపరచినవారు’ అని ఉండే రెండు గీతలు ఈ పద్ధతే. దీనికో లక్షణముంది. మొదటి గుంపులో లేనివాళ్లను, ఆ గుంపుకు పరిచయంలేని వాడల్లో ఉన్నవాళ్లను ఎన్ని దఫాలు తిరిగినా ఆ గొలుసు చేరుకోకపోవచ్చు. ఎవరూ ఎవరినీ వెలివేయనక్కర్లేదు, తీర్మానాలన్నీ అభ్యుదయకరంగానే ఉండవచ్చు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగినప్పటినుంచీ ఎన్నో సంఘాలు పుట్టాయి, చీలాయి, మళ్లీ పుట్టాయి. సభ్యత్వ పత్రాల కట్టలు ఏ సంఘం బీరువాలో మిగిలి ఉన్నా, గణితం తెలిసిన విద్యార్థి ఎవరైనా వాటిని తీసి, ఎవరు ఎవరిని ప్రతిపాదించారో ఏడాదివారీగా ఒక పట్టిక గీయవచ్చు. ఊరి పేర్లు, వాడ పేర్లు కూడా రాసుకుంటే ఎక్కువ ఉపయోగం.